రెండో ట్రే

నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అక్క అప్పటికే సగం ముక్కలు కడిగేసింది. సింకు పక్కన పళ్ళెంలో సబ్బునీళ్ళు, వాటిమీద ఫాయిల్ ముక్కలు చేపపొలుసుల్లా తేలుతున్నాయి. ఒక్కోటీ తీసి అరచేతిమీద పరిచి, ఆకుపచ్చ మరకని బొటనవేలితో రుద్ది, కుళాయి కింద పట్టి, చెక్కమీద వేసి గరిటె వీపుతో సాపు చేస్తోంది. ఇరవై నాలుగు ముక్కలు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో పొద్దున్నే పళ్ళు తోముకోవడం ఎంత మామూలో ఇదీ అంత మామూలు.

"మంచినీళ్ళు బిందెలో ఉన్నాయి. ఈ కుళాయి ఖాళీ లేదు," అంది నావైపు చూడకుండా.

ముందురోజు సాయంత్రం నుంచి అక్క నాతో అన్న మొదటి మాట అదే.

మా బావ వరి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. నేను ఆయన ల్యాబులో సహాయకురాలిని. ఉద్యోగం ఆయన మాటమీద వచ్చింది, ఉండేది ఆయన ఇంట్లో. రెండు చోట్లా ఒకే మనిషి కప్పు కింద ఉన్నప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోతుంది. నాకు ముందే తక్కువ.

నా పని చెప్పుకోవడానికి చిన్నది. వరి ఆకుమీద పంచ్ మిషనుతో కొట్టి చిన్న గుండ్రటి బిళ్ళలు తీస్తాను. వాటిని ఎసిటోన్ పోసిన గాజు ట్యూబుల్లో వేస్తాను. గోళ్ళరంగు తుడిచే మందు వాసన వస్తుంది, అది ఇంటికొచ్చినా జడలోంచి పోదు. ఆకులోని పచ్చరంగు మెల్లగా అందులోకి దిగుతుంది. రెండు రోజులు బల్లమీద ఉంచి, మిషనులో పెట్టి, ఎంత పచ్చ ఉందో అంకె రాస్తాను. ఇందులో ఒకటే జాగ్రత్త. ఆకులో ఉన్నన్నాళ్ళూ ఎండ పట్టుకుని బతికే ఆ పచ్చదనం, ఆకులోంచి బయటికి లాగాక వెలుగు తగిలితే చచ్చిపోతుంది. అందుకే ప్రతి ట్యూబుకీ నెత్తి నుంచి అడుగు దాకా ఫాయిల్ చుడతాం.

మామూలు వరి మొదటి ట్రే, ఒకటి నుంచి ఇరవై నాలుగు. బావ తయారుచేసిన వరి రెండో ట్రే, ఇరవై అయిదు నుంచి నలభై ఎనిమిది. కేంద్రంలో సీజనుకి ఒక్క ఫాయిల్ రోలే ఇస్తారు. మొదటి ట్రే చుట్టేసరికి ఆ వారానికి అనుకున్న కొలత అయిపోయేది. రెండో ట్రేకి వాడిన ముక్కలు కడిగి వాడాలన్నది బావ పెట్టిన నియమం. "ముక్క చింపి పారేశావో, చెయ్యి విరిచేస్తా," అని మొదటి రోజే నాతో అన్నాడు, నవ్వుతూనే. ల్యాబులో సింకు చిన్నదని ముక్కలు ఇంటికొచ్చాయి. అలా అవి అక్క చేతిలో పడ్డాయి.

బావ వరి గురించి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియక చస్తామా, మూడేళ్ళు అన్నంతోపాటు అదే తిన్నాం. ఆకులో వెలుగుని పట్టి లోపలికి అందించే ప్రోటీన్లు ఉంటాయి. వాటిని చేయించే జన్యువులు ఒకటీ రెండూ కాదు, పెద్ద కుటుంబం. బావ అందులో ఒక జన్యువు నోరు మూయించాడు. దాంతో ఆకులో పచ్చ తగ్గుతుంది, పై ఆకు తనకి అక్కర్లేని ఎండని కూడా పట్టి ఉంచుకోకుండా కిందికి వదులుతుంది, కింది ఆకులు కూడా పనిచేస్తాయి, కాబట్టి మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటొచ్చు. పాతిక మొక్కలు పట్టేచోట నలభై. ఇదీ ఆయన లెక్క.

మొదటిసారి ఇది వాళ్ళమ్మకి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను ఆవిడని అత్తయ్య అంటాను. పెళ్ళయినప్పటి నుంచి మోకాళ్ళు పోయేదాకా మళ్ళలో వంగి నాట్లు వేసిన మనిషి. అంతా విని ఇలా అంది.

"పైవాడు దోసిళ్ళతో తాగేస్తుంటే కిందవాడికి గొంతు తడవదు. అంతేనా? ఇది కనిపెట్టడానికా నిన్ను అన్నేళ్ళు చదివించింది?"

"అంతే కాదమ్మా, ఆ జన్యువుని..."

"సరే, ఒకడి నోరు మూశావు. మిగతా కుటుంబం ఊరుకుంటుందా? ఒకళ్ళు మంచాన పడితే ఇంకొకళ్ళు లేచి పొయ్యి ముట్టించరూ?"

"జన్యువులు నీ కోడళ్ళు కావు."

"నాకు కోడలు ఒక్కతే ఏడ్చింది. అది ముట్టిస్తేనే పొయ్యి," అంది అత్తయ్య. ఆ మాట అక్కకి వినపడాలనే అంది.

తరవాత ఒకసారి కేంద్రానికి వచ్చి గట్టుమీద కూర్చుని రెండు మళ్ళూ చూసింది. చాలాసేపు చూసింది. "రెండూ ఒకే పచ్చరా," అంది. "నీ కంటికి తెలీదమ్మా, మిషనుకి తెలుస్తుంది," అన్నాడు బావ. మిషనుకి తెలుసని అంకెలు చూపించాడు. ఆ అంకెలు రాసింది నేను. ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది.

ఆ రోజు పదకొండింటికి కేంద్రంలో కమిటీ. వాళ్ళు ఒప్పుకుంటే బావ వరి మొదటిసారి ఒక రైతు పొలంలోకి వెళ్తుంది. ఆ రైతు మా నాన్న. ముందుగదిలో గోడ వారగా ఆరు బస్తాల విత్తనం నిలబెట్టి ఉంది, మూతులు కుట్టి, మీద నాన్న పేరు రాసి. మధ్యాహ్నం వ్యాను వస్తుంది. అల్లుడుగారి విత్తనం వస్తోందని నాన్న దాచుకున్న పాత విత్తనం మొత్తం చుట్టుపక్కల వాళ్ళకి పంచేశాడు. పొలమంతా దగ్గర నాటుకి దున్నించాడు. బావ వరి నిజంగా లేతపచ్చ ఆకుల వరి కాకపోతే, దగ్గర నాటులో కింది ఆకులకి చీకటే. కుళ్ళిపోతాయి. మొక్క ఎండకోసం సన్నగా పైకి సాగి, మొదటి గట్టిగాలికి పడుకుంటుంది. కేంద్రంలో చిన్న మళ్ళు కాబట్టి నాలుగువైపుల నుంచీ వెలుగొచ్చి ఏమీ బయటపడలేదు. నాన్నకి వేరే పొలం లేదు, ఇంకో విత్తనమూ లేదు.

కాదేమో అన్న అనుమానం నాకు అక్క జ్వరంతో వచ్చింది. రెండు నెలల కిందట అక్క మూడు రోజులు లేవలేదు. ముక్కలు కడిగేవాళ్ళు లేక, రెండో ట్రేకి కూడా రోల్లోంచి కొత్త ఫాయిల్ చింపాను, బావకి చెప్పకుండా. ఆ మూడు రోజుల అంకెలు మామూలు వరితో సమానంగా వచ్చాయి. బావ చూసి, "బిళ్ళలు సరిగ్గా కొట్టలేదు నువ్వు," అని ఆ ట్యూబులన్నీ పారబోయించాడు. నేను పారబోశాను. కానీ మర్చిపోలేదు.

తరవాత మామూలు వరి ఆకులు పన్నెండు తెచ్చి, ఒక్కో ఆకుకి ఈనెకి ఇటూ అటూ బిళ్ళలు కొట్టాను. ఒకవైపువి కొత్త ఫాయిల్లో, రెండోవైపువి అక్క కడిగిన ఫాయిల్లో. ఒకే ఆకు, ఒకే రోజు, ఒకే బల్ల. పన్నెండుకి పన్నెండూ అక్క ఫాయిల్లోవి తగ్గాయి. సరిగ్గా బావ వరి తగ్గినంతే, నూటికి పదిహేను. ఆ తరవాత బావ వరిని కొత్త ఫాయిల్లో చుట్టి మళ్ళీ చూశాను. ఏమీ తగ్గలేదు. అత్తయ్య అన్నట్టే, ఒకడి నోరు మూస్తే మిగతా కుటుంబం ఆ పని పంచుకుంది. ఆకు ఎప్పటి పచ్చగానే ఉంది. కడిగి కడిగి చిల్లులు పడ్డ ముక్కల్లోంచి ట్యూబులకి వెలుగు తగిలింది. మూడేళ్ళుగా మేం కొలిచింది ఫాయిల్‌ని.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పన్నెండు అంకెలూ చూసినప్పుడు ముందు నాకు నాన్న గుర్తురాలేదు. అక్క గుర్తొచ్చింది. "నా ఫాయిల్ లేకపోతే మీ ల్యాబు ఒక్కరోజు నడవదు," అని వచ్చినవాళ్ళందరి దగ్గరా చెప్పుకునేది. నేను కంచం కడిగితే జిడ్డు పోలేదని మళ్ళీ కడిగేది. ఇప్పుడు చెప్పు, అనుకున్నాను. నాన్న ఆ తరవాతే గుర్తొచ్చాడు.

ఆ పేజీ ముందురోజు సాయంత్రం బావ చేతికిచ్చాను. నిలబడి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. భోజనాల దగ్గర అక్కతో మటుకు, "నీకు కడగడం చేతకాదని మీ చెల్లెలు రాసింది," అన్నాడు. అక్క నా కంచంలో వడ్డించబోతున్న గరిటెని వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు బావ తలదువ్వుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కమిటీ కోసమని ఇస్త్రీ చొక్కా, అది కూడా ఆకుపచ్చదే. కేంద్రంలో వెనకాల ఆయన్ని 'చిలకసారు' అంటారు. జేబులోంచి పేజీ తీసి భోజనాల బల్లమీద పెట్టాడు. పక్కన తెల్ల కాగితం, పెన్ను.

"కూర్చో. రాయి."

"ఏం రాయాలి?"

"ఆ మూడు రోజుల ట్యూబులు నీ అజాగ్రత్తవల్ల పాడయ్యాయని. ఈ పన్నెండాకుల ఆట నన్ను అడగకుండా ఆడావని. సంతకం పెట్టు, తేదీ వెయ్యి. ఈ పేజీ చింపెయ్యి."

"అజాగ్రత్త కాదు బావా. ఫాయిల్..."

"ఫాయిల్! పది మంది పెద్దవాళ్ళ ముందుకెళ్ళి, అయ్యా నా వరిలో ఏమీ లేదు, కాగితంలో చిల్లులున్నాయి అని చెప్పమంటావా?"

"చెప్పక్కర్లేదు. ఈ సీజనుకి ఆపమనండి చాలు. మళ్ళీ కొలుద్దాం."

"కొలుద్దామా? ఎవరు, నువ్వూ నేనూనా?" నవ్వాడు. "మీ ఊరి బళ్ళో బల్లలు లేక నేలమీద కూర్చుని చదివినదానివి. మిషను స్విచ్చి ఎక్కడుందో నేను చూపిస్తే తెలుసుకున్నావు. ఇవాళ నాకే పాఠం."

హాల్లో కుర్చీలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "నేలమీద కూర్చున్నవాళ్ళకే మొక్క మొదలు కనపడేదిరా."

"నువ్వు ఊరుకో అమ్మా."

"ఊరుకునే ఉన్నాను. రెండూ ఒకే పచ్చ అని చెప్పి మూడేళ్ళుగా ఊరుకునే ఉన్నాను."

నేను కూర్చున్నాను. పెన్ను ముట్టుకోలేదు. "నాన్న పాత విత్తనం పంచేశాడు," అన్నాను. "పడిపోతే ఆయనకి ఏమీ మిగలదు."

"పడిపోదు."

"ఎలా తెలుసు?"

"ఎలాగంటే నేను చెప్తున్నాను కాబట్టి. మీ నాన్న నాకు ఒక్క ప్రశ్న వెయ్యలేదు, సరేనన్నాడు. కన్నకూతురివి, నీకే ఎక్కడలేని ఆరాటం." పెన్ను నావైపు జరిపాడు. "రాయకపోతే సాయంత్రం నీ పెట్టె సర్దుకో. ల్యాబులోంచీ, ఇక్కణ్ణుంచీ."

అక్క గరిటె చెక్కమీద గీకుతోంది. ఆగకుండానే అంది. "రాసెయ్యవే. పెద్దవాళ్ళతో పంతమేమిటి? నువ్వు రాసినంత మాత్రాన నీ తల తెగిపోదు. మూడేళ్ళు కడిగాను, ఒక్కరు వంక పెట్టలేదు. నీకొక్కదానికే చిల్లులు కనిపించాయి."

"నువ్వు చూడక్కా. ఒక్కసారి కిటికీకి పెట్టి చూడు."

"నాకు చూపించకు. నేను కడుగుతాను, అంతవరకే నాకు తెలుసు. గోళ్ళు తగలకుండా కడుగుతాను. పసిపిల్లకి పోసినట్టు పోస్తాను. ఇంకెలా కడగాలో వచ్చి నేర్పు."

"బాగా కడగడమే కదే తప్పు," అన్నాను. అనకూడని తీరులో అన్నాను. "ఎంత రుద్దితే అంత పోయింది."

అక్క మొహం గట్టిపడింది. ఇంకో ముక్క తీసుకుని మునుపటికన్నా గట్టిగా సాపు చెయ్యడం మొదలుపెట్టింది. సబ్బునీళ్ళలోంచి ఎసిటోన్ వాసన సన్నగా వస్తోంది.

బావ గడియారం చూసుకున్నాడు. "సరే. నువ్వు రాయకపోయినా పని ఆగదు. ఎవరైనా ఫాయిల్ మాట ఎత్తితే దానికీ జవాబుంది. ల్యాబులో కొత్త ఫాయిలే వాడమన్నాను, ఈ మధ్య ఇంట్లో ఆడవాళ్ళు నాకు తెలియకుండా పాతవి కడిగి సంచిలో పెట్టారు అంటాను. ఆ మూడు రోజుల అంకెలూ, ఈ పన్నెండాకుల అంకెలూ అన్నీ కలిపి కొట్టిపారేస్తారు. వంటింటి మనుషులు చేసిన తప్పుకి నా వరిని ఆపరు."

గరిటె ఆగింది.

"మీకు తెలియకుండానా?" అంది అక్క.

"మాటవరసకి అంటున్నాను."

"ఆ ముక్కలు ఇంటికి తెచ్చింది ఎవరు?"

"ఇప్పుడు అదంతా ఎందుకు? వాళ్ళు నిన్నేమీ అడగరు. నీ పేరు కూడా చెప్పను, ఇంట్లోవాళ్ళు అంటాను. పాత్రలు తోమే చేత్తో తోమితే చిల్లులు పడవా మరి?"

"అంటే చిల్లులున్నాయి," అంది అక్క నెమ్మదిగా.

బావ దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దుట్నుంచీ చెల్లెలు చెప్పేది అబద్ధమన్నారు. రాసెయ్యమని నేనూ అన్నాను. మీకు తెలుసన్నమాట."

"ఉంటే ఉన్నాయి. పిసరంత చిల్లులకి ఇంత రాద్ధాంతమా?"

అక్క చెక్కమీద ముక్కని రెండు చేతులతో అంచులు పట్టుకుని లేపింది. సింకు పైనున్న కిటికీలోంచి అప్పుడే ఎండ సూటిగా పడుతోంది. ముక్కని ఎండకి అడ్డంగా పట్టింది. నేను కుర్చీలోంచే చూశాను. మడతలు పడ్డ ప్రతిచోటా సన్న సూదిమొనల్లా వెలుగు. మధ్యలో అక్క బొటనవేలు రోజూ రుద్దేచోట మరీ ఎక్కువ, జల్లెడలా. ఆ చుక్కలన్నీ అక్క తడిచేతి మణికట్టుమీద పడి వణుకుతున్నాయి. ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి తీసింది. అదీ అంతే. మూడోది తీసింది.

"ఏమిటే అంతసేపు, చుక్కలు లెక్కపెడుతున్నావా పట్టపగలు?" అంది అత్తయ్య. ఎప్పుడు లేచి వచ్చిందో, గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. "ఇది కడిగింది నీకు తెలీదు. నేను చెప్పింది నీకు వినపడలేదు. వాళ్ళ నాన్న పొలం నీది కాదు. బాగుందిరా నీ చదువు."

"అమ్మా, నువ్వు వెళ్ళి కూర్చో. నాకు టైమవుతోంది." బావ బూట్ల కోసం వంగాడు.

అక్క కుళాయి కట్టేసింది. పళ్ళెంలో మిగిలిన ముక్కలు కడక్కుండానే నీళ్ళు వంచేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, వేలి సందులతో సహా. సాపు చేసిన ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, అంచులు కలిపి, ఖాళీ డబ్బాలో పెట్టి మూత నొక్కింది. భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. నేను లేవబోయాను. నా భుజంమీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. తెల్ల కాగితాన్ని ముట్టుకోలేదు. పన్నెండు ఆకుల పేజీ తీసుకుని, మడతలు విప్పి, అరచేత్తో ఒకసారి సాపు చేసి, డబ్బా కింద పెట్టి పట్టుకుంది.

"అది ఇలా ఇవ్వు," అన్నాడు బావ. ఒక బూటుకే తాడు కట్టాడు, రెండోది చేతిలో ఉంది. "ఏమే, నిన్నే. ఎక్కడికి?"

అక్క ముందుగదిలోకి నడిచింది. ఆరు బస్తాల పక్కనుంచి వెళ్తూ చివరి బస్తామీద నాన్న పేరున్నచోట ఒక్క క్షణం ఆగింది. చెప్పులు వేసుకుంది. తలుపు తీసింది.

బావ ఒంటి బూటుతో గుమ్మం దాకా వెళ్ళాడు. నేనూ అత్తయ్యా కిటికీలోంచి చూశాం. అక్క గేటు తీసుకుని బయటికి వెళ్ళి, మళ్ళీ వెయ్యకుండా వదిలేసింది. బజారుకి వెళ్ళేవాళ్ళు ఎడమవైపు తిరుగుతారు. అక్క కుడివైపు, కేంద్రం వైపు తిరిగింది.